దేవాలయపు ఆవరణలో రాతి సిలువలు

(శతవార్షికోత్సవ సభలలో రెండవనాటి మధ్యాహ్నము చేసిన ప్రసంగ పాఠము)



నాకు ఇచ్చిన అంశము విని కొందరు నవ్వుకొన్నారని నాకు తెలుసు. "అయ్యగారూ, భోజనాలయ్యాక సీమ రాళ్లగురించి చెబుతారటగదా, చాపలతోబాటు దిండ్లు కూడ వేయిస్తారా?" అని మా సంఘపెద్ద ఒకరు నిన్ననే అడిగారు. దిండ్లు నా చేతిలో లేవు. సాధ్యమైనంత త్వరగా ముగిస్తానని మాత్రము మాట ఇచ్చాను.

నేను ఆ దేశమునకు పోలేదు. పోయివచ్చినవారు ఈ సభలోనే ఉన్నారు, నేను పొరపాటు చెబితే వారు దిద్దవలెను. నేను ఈ సిలువలను మొదట చూచినది వేదాంత కళాశాల గ్రంథాలయములో, అట్ట ఊడిపోయిన ఒక లావుపాటి పుస్తకములో. సంఘచరిత్ర పరీక్షకు చదువుకొనవలసిన రోజులలో ఆ బొమ్మలు చూస్తూ కూర్చున్నాను. ఆ పరీక్షలో నాకు వచ్చిన మార్కులు ఇక్కడ చెప్పనక్కరలేదు. ఆ బొమ్మలు మాత్రము నన్ను విడువలేదు. తరువాత దొరికినంతవరకు వాటినిగురించి చదువుతూ వచ్చాను.

సిలువ అనగానే మనకు గోపురముమీది సిమెంటు సిలువ, లోపల బల్లమీది ఇత్తడి సిలువ గుర్తుకు వస్తాయి. నేను చెప్పబోయేవి అవి కావు. ఇంగ్లాండు, స్కాట్లాండు, వేల్సు, ఐర్లాండు దేశములలో గ్రామ దేవాలయముల ఆవరణలో, సమాధుల మధ్య, గడ్డిలో, వానలో నిలబడి ఉన్న రాతి సిలువలు. వీటిలో కొన్నింటి వయస్సు వాటి ప్రక్కనున్న దేవాలయముకంటె ఎక్కువ. గుడి కట్టక ముందే సిలువ లేచిన చోట్లున్నవి.

ఇది నా ఊహ కాదు. 8వ శతాబ్దములో విల్లిబాల్డు అనే ఇంగ్లీషు బిషపు జీవితచరిత్రను ఒక సన్న్యాసిని వ్రాసింది. ఆమె పేరు హునెబెర్క్. విల్లిబాల్డు మూడేండ్ల బిడ్డగా ఉన్నప్పుడు ప్రాణముమీదికి వచ్చినదట. తలిదండ్రులు బిడ్డను తీసికొనిపోయి సిలువ యొద్ద దేవునికి సమర్పించుకొన్నారు. ఆ సందర్భములో ఆమె ఒక వాడుకను చెబుతుంది. అక్కడి పెద్దల భూములలో గుడికి బదులు ఒక ఎత్తయిన సిలువను నిలిపి, దినదినము దానిముందు ప్రార్థన చేసికొనేవారట. మన డయోసిసులో ఎన్ని సంఘములు చింతచెట్టు క్రింద, వేపచెట్టు క్రింద, ఎవరింటి అరుగుమీదనో ఆరంభమైనవో మీకు తెలుసు. గోడలు తరువాత వచ్చినవి. వారికి చెట్టుకు బదులు రాయి.

తరువాతి కాలములో, అనగా 13వ శతాబ్దమునుండి 15వ శతాబ్దము వరకు, గ్రామ దేవాలయమునకు ఆవరణ సిలువ ఉండుట సామాన్యమైపోయింది. క్రింద మెట్లు, వాటిమీద తొలిచిన పీఠము, పీఠములో దిగగొట్టిన కంబము, కంబముమీద చెక్కిన శిరస్సు. ఆ శిరస్సుపై ఒక ప్రక్క సిలువవేయబడిన ప్రభువు, మరొక ప్రక్క బిడ్డనెత్తుకొన్న మరియమ్మ. మట్టల ఆదివారమునాడు ఊరేగింపు ఈ సిలువ యొద్ద ఆగేది. ఆ మెట్లమీద నిలబడి ప్రసంగము చేసేవారు, ఊరికి చెప్పవలసిన ప్రకటనలు చేసేవారు. పేదవానికి సమాధిమీద రాయి వేసే తాహతు ఆ రోజులలో లేదు. ఆ ఆవరణలో పేరు లేక పాతిపెట్టబడిన వారందరికి ఆ ఒక్క సిలువయే గుర్తు. ఈ సంగతి చదివినప్పుడు నేను పుస్తకము మూసి కొంతసేపు ఊరక కూర్చున్నాను. కారణము చివర చెబుతాను.

ఇప్పుడు ఒక్క సిలువను తీసికొని వివరముగా చెబుతాను. పదింటినిగురించి పైపైన చెబితే మీకు నిద్ర రావడము ఖాయము.

స్కాట్లాండు దక్షిణపు అంచున, డంఫ్రీసు పట్టణమునకు సమీపమున, సముద్రపు పాయ ఒడ్డున రూత్‌వెల్ అనే చిన్న ఊరున్నది. అక్కడివారు దానిని రివ్వెల్ అని పలుకుతారు. 8వ శతాబ్దములో ఆ ప్రాంతము నార్తంబ్రియా అనే ఇంగ్లీషు రాజ్యములో ఉండేది. ఆ కాలములోనే ఎవరో, వారి పేరు మనకు దక్కలేదు, ఇసుకరాతితో అక్కడ ఒక సిలువను నిలిపారు. ఎత్తు సుమారు 18 అడుగులు. నలుప్రక్కల చెక్కడము. వెడల్పయిన రెండు ముఖములమీద సువార్త కథలు. ప్రభువు పాదములను తన తలవెండ్రుకలతో తుడుస్తున్న స్త్రీ ఉన్నది. పుట్టుగ్రుడ్డివానికి చూపునిచ్చుట, మరియమ్మకు దూత వర్తమానము చెప్పుట, ఐగుప్తు ప్రయాణము, అడవి మృగములమీద నిలబడిన క్రీస్తు ఉన్నవి. అరణ్యవాసులైన పౌలు, అంతోని అనే ఇద్దరు భక్తులు ఒక రొట్టెను విరుస్తున్న బొమ్మ కూడ ఉన్నది. చుట్టు లాటిను అక్షరములు.

సన్నని ప్రక్కలమీద ద్రాక్షతీగ క్రిందినుండి పైవరకు ప్రాకుతూ పోతుంది. దాని మలుపులలో పక్షులు, జంతువులు పండ్లు తింటూ ఉంటాయి. చదువురాని రైతు కూడ ఆ తీగ ప్రక్క నిలబడి, ప్రభువు తన్నుగూర్చి ద్రాక్షావల్లి అని చెప్పిన మాట జ్ఞాపకము చేసికొనగలడు. ఆ తీగ అంచుల వెంబడి మాత్రము లాటిను కాదు, వేరే లిపి ఉన్నది. రూన్ లిపి అంటారు. ఉత్తరదేశపు జనులు క్రైస్తవులు కాక పూర్వమునుండి కొయ్యమీద, రాతిమీద గీసికొంటూ వచ్చిన గీతల అక్షరములవి. భాష ఆ ఊరి జనుల వాడుక భాష. అనగా గుడిభాష ఒకవైపు, ఇంటిభాష ఒకవైపు.

ఈ సిలువ సుమారు 900 సంవత్సరములు నిలిచింది. నార్తంబ్రియా పోయింది, రాజులు మారారు. తరువాత సంస్కరణ వచ్చింది. 1640లో స్కాట్లాండు సంఘపు మహాసభ విగ్రహ సంబంధమైన చిహ్నములను పడగొట్టవలెనని తీర్మానించింది. 1642 ప్రాంతమున రూత్‌వెల్ సిలువను పడద్రోశారు, ముక్కలు చేశారు. ప్రక్కదేశమైన ఇంగ్లాండులో 1643లో పార్లమెంటు అటువంటి శాసనమే చేసి, దేవాలయములలోను ఆవరణలలోను ఉన్న సిలువలనన్నిటిని తొలగించమన్నది. అందుచేతనే ఇంగ్లీషు గ్రామములలో ఇప్పటికి మెట్లుంటాయి, పీఠముంటుంది, కంబము సగముంటుంది, శిరస్సుండదు. కొన్నిచోట్ల ఆ మొండి కంబముమీద నీడ గడియారమును బిగించారు. కారన్‌వాల్ ప్రాంతములో రైతులు కొన్ని సిలువలను గేటు స్తంభములుగా, కాలువలమీద వంతెన బండలుగా వాడుకొన్నారు.

పగులగొట్టినవారు దుర్మార్గులా? కళాశాలలో నేను అట్లే అనుకొన్నాను. ఇప్పుడు అనుకొనను. వారు రెండవ ఆజ్ఞను భయముతో చదివినవారు. రాతికి మ్రొక్కరాదన్న మాటను ప్రాణమునకు తెగించి పట్టుకొన్నవారు. మనము ఈ దినమున ఎవరి బోధవలన ఇక్కడ కూర్చున్నామో ఆ మిషనెరీలలో చాలమంది ఆ వంశములోని వారే. మన ముత్తాతలలో కొందరు బాప్తిస్మము పొందిన దినమున ఇంటిలో తరతరములుగా ఉన్న వస్తువులను ఏటిలో విడిచివచ్చారు. అది వారికి తేలిక కాలేదు. అటువంటి పని ఎంత బరువో మన ఇండ్లలో తెలుసు గనుక ఆ స్కాట్లాండువారిని నేను తిట్టలేను.

కాని ఒక సంగతి గమనించండి. అప్పుడు రూత్‌వెల్‌లో గురువుగా ఉన్న గేవిన్ యంగ్ అనే ఆయన ఆ సంఘములో ఏబది సంవత్సరములకు పైగా పనిచేశారు. ఉత్తరువు వచ్చింది. ఆయన మీరలేదు. సిలువ పడింది. కాని రాళ్లను పొడి చేయించలేదు. పెద్ద ముక్కలు గుడిలోపలనే నేలమీద ఉండిపోయినవి, జనులు వాటిమీద కూర్చున్నారు. కొంత భాగము ఆవరణలో మట్టిక్రిందికి పోయింది. ఆయన కావాలనే ఇట్లు చేశారని చరిత్రకారులు కొందరు తలుస్తారు. మీలో గురువులైనవారికి ఇది బాగా అర్థమవుతుంది. పైనుండి ఉత్తరువు, క్రింద సంఘము, మధ్య మనము. పూర్తిగా ఎదిరించలేము, పూర్తిగా చేయలేము.

18వ శతాబ్దపు చివరి భాగములో గుడి బాగుచేయిస్తూ ఆ రాళ్లను బయటకు తీసి ఆవరణలో పడవేశారు. నూట ఏబది సంవత్సరములు ఇంటిలోపల ఉన్నవి ఇప్పుడు వానకు, పిల్లల ఆటలకు దొరికినవి. సంస్కరణకాలపు సుత్తికి తప్పించుకొన్న బొమ్మలు అజాగ్రత్తకు తప్పించుకొనలేకపోయినవి. ఆజ్ఞ ఇచ్చి పగులగొట్టించిన దానికంటె, ఎవరూ ఏమీ అనకుండ పోయినదే నాకు ఎక్కువ బాధగా తోస్తుంది.

1799లో ఆ సంఘమునకు హెన్రీ డంకన్ అనే పాతికేండ్ల గురువు వచ్చారు. వీరినిగురించి ఒక సభ అంతా మాట్లాడవచ్చును. బీదలు కూలిడబ్బులలో మిగిల్చిన కొద్దిపాటిని దాచుకొనుటకు 1810లో ఆ కుగ్రామములో ఒక పొదుపు బ్యాంకు పెట్టారు. పెద్ద బ్యాంకులు పది పౌనులు లేనిదే ఖాతా తెరువని రోజులవి. వీరు ఆరు పెన్నీలకు తెరిచారు. లోకములోని పొదుపు బ్యాంకులకు అది మాదిరి అయింది. రాతి గనిలో దొరికిన పలకలమీద ఏవో అడుగుజాడలుంటే, అవి పురాతన జంతువుల కాలిగుర్తులని 1828లో పండితుల సభకు వ్రాసినవారు కూడ వీరే. చిన్నవాటిని పారవేయని మనిషి అని చెప్పడానికే ఈ రెండు సంగతులు.

ఆయన ఆవరణలో పడి ఉన్న చెక్కడపు రాళ్లను చూచారు. 1802లో వాటిని తన బంగళా తోటలోనికి చేర్పించారు. ఇంకా కొన్ని ముక్కలు లేవు. అప్పుడు జరిగిన ఒక సంగతిని ఆయనే వ్రాసిపెట్టారు. ఆ ఊరిలో ఒక బీద దంపతులు ఒకరి వెంట ఒకరు చనిపోయారు. ఇద్దరికి ఒకే గోతిని త్రవ్వవలసివచ్చింది, అందుచేత మామూలుకంటె లోతుగా త్రవ్వారు. అడుగున పార రాతికి తగిలింది. పైకి తీస్తే సిలువ పైభాగపు ముక్క. ఒక ప్రక్క గొఱ్ఱెపిల్లను ఎత్తుకొన్న మూర్తి. ఆ దంపతుల పేర్లు నేను చదివినచోట లేవు. వారు బీదలు గనుక ఒక గోతిలో పడుకొన్నారు, వారి బీదతనము వలన ఆ రాయి బయటపడింది.

దొరికిన ముక్కలన్నిటిని కలిపి 1823లో డంకన్‌గారు సిలువను మరల నిలిపారు. అడ్డుదూలము మాత్రము దొరకనే లేదు, ఇప్పటికీ దొరకలేదు. ఆయన తానే ఒకటి ఆలోచించి ఊరి రాతిపనివానిచేత చెక్కించి పెట్టించారు. నిజము చెప్పవలెనంటే అది అంత బాగా కుదరలేదు. బొమ్మలలో చూచినా అది వేరే చేతిపని అని తెలిసిపోతుంది. పై రాయిని వెనుక ముందుగా నిలిపారని కూడ పండితులు అంటారు. ఉండనివ్వండి. తప్పుగా నిలిపినవాడు తప్పు చేయుటకు అక్కడ ఉన్నాడు, అది చాలు.

అంచుమీది రూన్ అక్షరముల సంగతి ఇంకా తేలలేదు. డంకన్‌గారు వాటిని నకలు తీసి పంపగా, ఒక పండితుడు అది ఏదో దానశాసనమన్నాడు, మరొకడు వివాహ విషయమన్నాడు. 1840లో జాన్ కెంబుల్ అనే ఇంగ్లీషు పండితుడు అది పద్యమని, అందులో మాట్లాడుచున్నది సిలువయే అని కనుగొన్నాడు. కొద్దికాలమునకు ఆశ్చర్యమైన ఋజువు దొరికింది. ఇటలీలోని వెర్చెల్లి పట్టణపు గ్రంథాలయములో 1822లో ఒక పాత ఇంగ్లీషు వ్రాతప్రతి బయటపడియున్నది. 10వ శతాబ్దములో వ్రాసినది. అందులో సిలువ కల అని ఇప్పుడు పిలువబడే కావ్యమున్నది. రాతిమీది పాదములు ఆ కావ్యములోనివాటితో సరిపోయినవి. వ్రాతప్రతి ఆల్ప్సు పర్వతముల అవతల, రాయి స్కాట్లాండు మట్టిలో, మాట ఒకటే.

ఆ కావ్యములో ఏమున్నది? ఒకడు కలలో సిలువను చూస్తాడు. సిలువ తన కథ తానే చెబుతుంది. అడవి అంచున చెట్టుగా ఉన్న తన్ను నరికి తెచ్చారని, యౌవనుడైన వీరుడొకడు తనమీదికి ఎక్కుటకు ధైర్యముతో త్వరపడి వచ్చాడని, ఆయనే లోకమునకు ప్రభువని తెలిసి తాను వణికిందని చెబుతుంది. తాను వంగి ఆ శత్రువులమీద పడి వారిని చంపగలిగి ఉండేది, కాని పడుటకు తనకు సెలవు లేదట. నిలబడవలెను. ఆయనకు కొట్టిన మేకులు తనకు కూడ దిగినవి. ఆయనను వెక్కిరించినప్పుడు తన్ను కూడ వెక్కిరించారు. తరువాత తన్ను గోతిలో పడవేసి పూడ్చారట. ఆయన స్నేహితులు వెదకి, వెలికి తీసి, అలంకరించారట.

సిలువ పూడ్చబడి, వెలికి తీయబడిన కథ ఆ కావ్యములో ఉన్నది. రాతి సిలువకు అదే జరుగవలసి వచ్చింది. దీనిని ప్రవచనము అని నేను అనను. కాని గోరీ త్రవ్వేవాని పార ఆ రాతికి తగిలిన చప్పుడు నాకు వినబడుతూ ఉంటుంది.

డంకన్‌గారి సంగతి ఒకటి మిగిలింది. 1843లో సంఘముమీద ప్రభుత్వపు అధికారమునుగూర్చి స్కాట్లాండు సంఘము చీలినప్పుడు నాలుగువందలకు పైగా గురువులు మనస్సాక్షి నిమిత్తము జీతములను, గుడులను, బంగళాలను విడిచి బయటకు వచ్చారు. అరువది ఎనిమిదేండ్ల డంకన్‌గారు వారిలో ఒకరు. నలుబది నాలుగు సంవత్సరములు కాపురమున్న బంగళాను విడిచారు. తోటలోని సిలువ అక్కడే ఉండిపోయింది. అది ఆయన సొత్తు కాదుగదా. 1846లో ఆయన చనిపోయారు. 1887లో ఆ సిలువను గుడిలోనికి తీసికొనివచ్చి, అంత ఎత్తు ఇమడుటకు ఒక ప్రక్క గదిని కట్టి, నేలలో గొయ్యి చేసి నిలిపారు. ఇప్పుడు అక్కడనే ఉన్నది.

మరొక సిలువనుగురించి కొద్దిగా. ఇంగ్లాండు వాయవ్యదిశలో గాస్‌ఫర్త్ అనే ఊరి దేవాలయపు ఆవరణలో 10వ శతాబ్దపు సిలువ ఒకటి ఇప్పటికీ ఆరుబయటనే నిలిచి ఉన్నది. పదునాలుగున్నర అడుగుల ఎత్తు, చాల సన్నము. మొదలు చెట్టు బోదెవలె గుండ్రముగా ఉండి, పైకి పోయినకొలది పలకలు తేలుతుంది. పడవలలో వచ్చి స్థిరపడిన ఉత్తరదేశపువారు, కొత్తగా క్రైస్తవులైనవారు, దానిని చెక్కించారు. క్రింద చేతులు చాచిన క్రీస్తు, ప్రక్కన బల్లెము పట్టుకొన్న సైనికుడు, పొడవైన జుట్టుతో ఒక స్త్రీ. మిగిలిన ముఖములమీద వారి పాత దేవతల కథలు. బంధింపబడిన లోకి, అతనిమీద పడే విషమును గిన్నెతో పట్టుచున్న అతని భార్య. ఒక వీరుడు మృగపు దవడలను చీల్చుట. రాతిమీద పట్టిన పాచిని 1880ల ప్రాంతమున ఆ ఊరి డాక్టరు ఒకరు, పొరుగున ఉన్న గురువు ఒకరు కడిగి చూచేవరకు ఈ కథలేమిటో ఎవరికి తెలియలేదు.

పాత కథలను సిలువమీద చెక్కవచ్చునా? దీనిమీద పండితులకు ఏకాభిప్రాయము లేదు. నా మటుకు నేను ఆ శిల్పి పక్షమే. తన జనులకు తెలిసిన కథనుండి తెలియని కథకు వారిని నడిపించాడని నేననుకొంటాను. మన ఉపదేశులు బుఱ్ఱకథ బాణీలో, తంబుర పట్టుకొని, తందాన అంటూ యేసుప్రభువు కథ చెప్పలేదా? దానిని మొదట తప్పు పట్టినవారు మనలోనే లేరా?

గ్లాస్టర్ ప్రాంతములో ఆంప్నీ క్రూసిస్ అనే ఊరున్నది. అక్కడి ఆవరణ సిలువకు 15వ శతాబ్దపు శిరస్సు చెక్కుచెదరక ఉన్నది. ఎట్లనగా, ఎవరో దానిని తీసి గుడిలోపల పాత మెట్లదారిలో పెట్టి గోడ కట్టేశారు. 19వ శతాబ్దములో గోడ తీసినప్పుడు బయటపడింది. దాచినవారు సంఘస్థులే అయి ఉండవలెను. ఎవరికీ చెప్పకనే చనిపోయారు.

మనకు దగ్గరలో కూడ అటువంటిది ఒకటున్నది. చెన్నపట్టణములో పరంగికొండ, తోమా కొండ అంటారు, దానిమీద 1547లో పోర్చుగీసువారు గుడికి పునాది త్రవ్వుతూ ఒక రాతి సిలువను కనుగొన్నారు. ఈ సభలోనివారు చాలమంది చూచియే ఉంటారు. చుట్టూ పహ్లవీ అక్షరములు, అనగా పూర్వపు పారసీక లిపి. మూడువందల ఏండ్లకు పైగా దానిని చదివినవారు లేరు. 1873లో బర్నెల్ అనే దొరగారు ఆ లిపినిగూర్చి వ్రాసిన తరువాత పండితులు ఒకరివెంట ఒకరు చదువుతూనే ఉన్నారు, తేడాలు ఇంకా పోలేదు. అదికూడ మట్టిలో ఉన్నదే, పునాది త్రవ్వినప్పుడు బయటికి వచ్చినదే.

పునాది అన్నాను గనుక ఇక నా సంగతి చెప్పక తప్పదు.

సుమారు ఇరువది సంవత్సరముల క్రిందట నన్ను మొదటి పాస్టరేటుకు పంపారు. ఊరి పేరు చెప్పను. గుడి వెనుక పాత సమాధుల తోట. ప్రహరీగోడ లేక పశువులు దూరుతున్నవని, స్థలము కొంత ఆక్రమణకు పోతున్నదని కమిటీలో గోడ కట్టుటకు తీర్మానమైంది. డబ్బు చాలలేదు. పునాదికి రాయి కావాలి. తోట మూలను పాత సమాధి రాళ్లు విరిగినవి గుట్టగా పడి ఉన్నవి. కొన్నిటిమీద సిలువ గుర్తు, కొన్నిటిమీద అరిగిపోయిన అక్షరములు. "ఇవి ఎవరివో కూడ తెలియదండి, పునాదిలో వేసేద్దాము, బండి రాయి ఖర్చు మిగులుతుంది" అన్నారు. నేను తల ఊపాను. తీర్మానము క్రింద సంతకము నాదే. గోడ బాగానే వచ్చింది. డయోసిసు ఆఫీసువారు మెచ్చుకొన్నారు కూడ.

ఆ నవంబరు 2వ తేదీ, సమాధుల పండుగనాడు, సాయంకాలము ఒక మామ్మ వచ్చింది. పొరుగూరినుండి బస్సులో వచ్చింది. చేతిలో చిన్న బకెట్టులో సున్నము, బంతిపూల దండ, రెండు కొవ్వొత్తులు. తోటంతా తిరిగింది. మూలకు పోయి నిలబడింది. నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, మా నాయిన రాయి ఇక్కడుండేది. ఏడాదికోమారు సున్నమేసి పోతాను. ఏదయ్యా?" అన్నది.

నేను గోడవైపు చూచాను. ఆమెకు అర్థమైంది. నన్ను ఒక మాట అనలేదు. అన్నట్లయితే నాకు బాగుండేది. ఆ గోడ మొదట్లో కూర్చుండి రెండు కొవ్వొత్తులు వెలిగించింది. దండ గోడకానించింది. సున్నపు బకెట్టు అట్లే తీసికొని చీకటిపడేవేళకు బస్సుకు వెళ్లిపోయింది.

పుస్తకములలో నూరు సిలువలు చూచినవాడను. రూత్‌వెల్ కథ కంఠతా వచ్చినవాడను. పేరులేని బీదలకు ఆవరణలోని సిలువయే గుర్తు అని చదివి పుస్తకము మూసి కూర్చున్నానని ఇందాక చెప్పాను. అది ఈ సంఘటన జరిగిన తరువాతి మాట. ఆ రాళ్లను ముందుగా ఒకసారి నీళ్లతో కడిగి చూడవచ్చును, పేర్లు వ్రాసికొనవచ్చును. అరపూట పని. నాకు తోచలేదు.

గోడను పడగొట్టుటకు ఎవరూ ఒప్పుకోలేదు, నేనూ అడగలేదు. అయితే మరుసటి వారమునుండి ముసలివారి యిండ్లకు పోయి ఆ మూలన ఎవరెవరి రాళ్లుండేవో అడిగి ఒక నోటుపుస్తకములో వ్రాయసాగాను. సంఘపు బాప్తిస్మ, భూస్థాపన రిజిష్టర్లు చూచాను. కొన్ని పుటలు చెదలు తిన్నవి. బదిలీ అయిన తరువాత కూడ పోయి వచ్చాను. పందొమ్మిది రాళ్లకు పదునాలుగు పేర్లు దొరికినవి. మామ్మ తండ్రిగారి పేరు మొదటి వరుసలో ఉన్నది. ఉపదేశిగా ఉండి కలరాలో పోయిన ఒకరి పేరు, బైబిలు స్త్రీగా పనిచేసిన ఒకామె పేరు ఉన్నవి. ఒక బిడ్డకు పేరు పెట్టక ముందే పోయినందున తల్లి పేరే వ్రాశాను. ఆ పేర్లను ఒక రాతిమీద చెక్కించి గోడకు బిగించాము. మామ్మ ఆ రాతిని చూడలేదు, అంతకు ముందే ప్రభువునందు నిద్రించింది.

ఆ రాతిమీద క్రింద అయిదు వరుసలు ఖాళీగా వదిలించాను. చెక్కేవాడు వద్దన్నాడు, చూడ బాగుండదన్నాడు. ఉండనివ్వమన్నాను.

ఈ సభకు ఆ ప్రాంతపు పాస్టరేట్లనుండి పెద్దవారు చాలమంది వచ్చారని విన్నాను. మీ తాతలు, అవ్వలు ఎవరైనా అటువైపు ఊళ్లలో, పాత గుడి వెనుక తోటలో పాతిపెట్టబడినట్లు మీ ఇండ్లలో చెప్పుకొన్న జ్ఞాపకముంటే, దయచేసి టీ వేళ నన్ను కలిసికొనండి. పుస్తకాల బల్ల ప్రక్కన ఉంటాను. నోటుపుస్తకము తెచ్చాను.